తేనెబంక తెగులు: జొన్న చేను నుండి ఓడరేవు దాకా

వ్యాధుల చరిత్రలో సికింద్రాబాదు పేరు ఒకసారి ప్రపంచమంతటా వినబడింది. 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఇక్కడే దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. అది మనుషుల జబ్బు కనుక అందరికీ గుర్తుంది. పంటల జబ్బుల విషయంలోనూ ఈ జంటనగరాలకు చెప్పుకోదగిన చరిత్ర ఉంది. అది బడి పుస్తకాలలోకి ఎక్కలేదు. ఒక తెగులు గింజ మనిషి కడుపులో ఏమి చేస్తుంది, అదే గింజ సరిహద్దు దాటితే ఏమి జరుగుతుంది అన్న రెండు ప్రశ్నలను ఇక్కడి శాస్త్రజ్ఞులు ఒకే కాలంలో, రెండు వేర్వేరు చోట్ల పరిశీలించవలసి వచ్చింది.

మొదటి చోటు తార్నాక. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బుపై విచారణతో మొదలైన పోషకాహార పరిశోధనాలయం 1958లో అక్కడికి తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థగా పిలువబడుతోంది. రెండవ చోటు బొంబాయి రోడ్డు మీది పటాన్‌చెరు. మెట్ట పంటల కోసం 1972లో ఏర్పడిన అంతర్జాతీయ పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ అక్కడ వెలసింది. ఈ రెంటినీ కలిపే దారాలలో ఒకటి, తెలుగు రైతు తేనెబంక తెగులు అని పిలిచే శిలీంధ్రం.

పేరు తీయగానే ఉంది. సజ్జ గానీ జొన్న గానీ పూతకు వచ్చిన రోజులలో ముసురు పట్టి, ఎండ తక్కువై, గాలిలో తేమ నిలిచినప్పుడు కంకి మీద తేనెరంగు బొట్లు కనబడతాయి. చీమలూ ఈగలూ మూగుతాయి. బొట్లు కారి ఆకుల మీద పడి జిగురుగా అంటుకుంటాయి. ఆ బొట్టులో లక్షల కొద్దీ శిలీంధ్ర బీజాలు ఉంటాయి. వానచినుకు, గాలి, పురుగు వాటిని పక్క కంకికి చేరుస్తాయి. కొన్నాళ్లకు బంక ఆగిపోయి, గింజ ఉండవలసిన చోట గట్టి ముద్ద ఒకటి కొమ్ములాగా పొడుచుకు వస్తుంది. ఐరోపాలో రై అనే ధాన్యం మీద వచ్చే ఈ జాతి తెగులుకు ఫ్రెంచివారు ఎర్గాట్ అని పేరు పెట్టారు. కోడి కాలి ముల్లు అని దాని అర్థం. విషం ఉండేది ఆ ముల్లులోనే.

మధ్యయుగపు ఐరోపాలో ఈ ముల్లు కలిసిన రొట్టె తిన్న పేదలకు చేతులూ కాళ్లూ నల్లబడి ఊడిపోయేవి. ఆ బాధకు వారు సెయింట్ ఆంథనీ మంట అని పేరు పెట్టుకుని, దాన్ని దైవశిక్షగా భావించి ప్రార్థనలు చేశారు. కారణం రొట్టెలోనే ఉందని తెలియడానికి శతాబ్దాలు పట్టింది. అది కూడా పాత ముచ్చట అనుకోవడానికి లేదు. ఇథియోపియాలోని వొల్లో ప్రాంతంలో 1977-78లో ఇదే రోగం వచ్చి మనుషులు అవయవాలు కోల్పోయారు.

మన సజ్జకు పట్టే రకం వేరు, దాని విషమూ వేరు. 1975లో రాజస్థాన్ గ్రామాలలో సజ్జరొట్టె తిన్న డెబ్బై మందికి పైగా వాంతులు, తలతిరుగుడు, మగత మొదలయ్యాయి. తార్నాక సంస్థకు చెందిన కృష్ణమాచారి, భట్ ఆ రొట్టె పిండినీ గింజలనూ పరీక్షించి, కారణం తేనెబంక తెగులు ముద్దలేనని 1976లో ప్రకటించారు. ప్రాణాలు పోలేదు. అంతకు ముందు ఏడాదే, అంటే 1974లో, రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాలలో బూజు పట్టిన మొక్కజొన్న తిని వంద మందికి పైగా మరణించిన ఘటననూ ఈ సంస్థవారే పరిశోధించి ఉన్నారు. అందుచేత సజ్జ సంగతిని వారు తేలికగా తీసుకోలేదు. గింజలను చిక్కని ఉప్పునీటిలో పోస్తే తెగులు ముద్దలు తేలిక గనుక పైకి తేలతాయి, వాటిని తీసివేసి మంచి గింజను కడిగి ఎండబెట్టుకోవచ్చు అన్న ఉపాయం అలా ప్రచారమైంది. ఇంటి ఇల్లాలు బానలో చేయగల పని అది. యంత్రం అక్కర లేదు. ఉప్పు ఖర్చు మాత్రం ఉంది, ఆ సజ్జ తినే ఇళ్లలో అదీ ఒక లెక్కే.

ఆహారధాన్యాలలో ఎర్గాట్ ముద్దలు తూకంలో 0.05 శాతానికి మించరాదని మన కల్తీ నిరోధక నిబంధనలు నిర్ణయించాయి. అంటే వెయ్యి కిలోలకు అర కిలో. ఈ అంకెను పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవాలి. ముందు ముందు ఇదే అంకె దగ్గర ఓడలు ఆగిపోయిన వైనం చెప్పవలసి ఉంది.

తెగులు పాతదే అయినప్పుడు 1960ల తరువాతనే ఎందుకు అంత పెద్ద సమస్య అయింది? జొన్న మీద దీన్ని మద్రాసు రాజధానిలో పనిచేసిన మెక్‌రే 1917 నాటికే గుర్తించాడు. ఆ రాజధానిలో తెలుగు జిల్లాలూ భాగమే. అయినా నాటి రైతుకు అది పెద్ద బెడద కాలేదు. కారణం పుప్పొడిలో ఉంది. పువ్వు విచ్చుకోగానే పుప్పొడి పడి గింజ కట్టడం మొదలైతే శిలీంధ్రానికి దారి మూసుకుపోతుంది. పుప్పొడి ఆలస్యమైతే ఆ ఖాళీలో శిలీంధ్రం దూరుతుంది. నాటురకాల చేలో పుప్పొడికి లోటు లేదు. సంకర విత్తనం తయారు చేసే చేలో అలా కాదు. అక్కడ ఆడ వరుసలలోని మొక్కలకు సొంత పుప్పొడి ఉండదు, ఉండకూడదు. టెక్సాస్‌లో స్టీఫెన్స్, హాలండ్ 1954లో వెల్లడించిన ఈ మగవంధ్యత్వం ఆధారంగానే మన దేశపు తొలి సంకర జొన్న సి.ఎస్.హెచ్.-1 1964లో విడుదలైంది. మగ వరుస కాస్త ఆలస్యంగా పూసినా, పూత సమయంలో ముసురు పట్టినా ఆడ వరుసల పువ్వులు నోరు తెరిచి ఎదురుచూస్తూ ఉంటాయి. ముందుగా వచ్చేది శిలీంధ్రమే. నిజామాబాదు జిల్లా ఆర్మూరు ప్రాంతం తరువాతి కాలంలో దేశంలోని జొన్న, సజ్జ విత్తనోత్పత్తికి పేరుమోసింది. ఇక్కడి రైతులకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర లేదు.

సజ్జలో కథ ఇంకొక మలుపు తిరిగింది. అమెరికాలోని టిఫ్టన్ నుండి వచ్చిన ఒకే తల్లి వంశం మీద ఆధారపడి 1965లో హెచ్.బి.-1, దాని వెంట మరికొన్ని సంకర రకాలు వచ్చాయి. 1970-71లో సజ్జ దిగుబడి దేశంలో 80 లక్షల టన్నులకు చేరి అందరూ సంతోషించారు. మరుసటి ఏడే వెర్రికంకి తెగులు ఆ రకాలను తుడిచిపెట్టింది. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ విత్తనం వెంట విదేశీ తెగులేదీ రాలేదు. తెగులు మన నేలదే. దాన్ని తట్టుకోలేని తల్లి మాత్రం బయటిది, చేలన్నింటిలోనూ అదే తల్లి. సరిహద్దు వద్ద ఎంత కాపలా పెట్టినా ఇటువంటి ప్రమాదం దొరకదు. కాపలా అవసరమే, కానీ అదొక్కటే చాలుననుకునే అధికారులు ఈ 1971 అనుభవాన్ని మరచిపోరాదు.

క్వారంటైన్ అన్న మాట ముస్లిం పాఠకులకు కొత్తది కాదు. హజ్ యాత్రకు ఓడలలో వెళ్లిన పెద్దలు ఎర్రసముద్రంలోని కమరాన్ దీవి పేరు చెప్పేవారు. 1880ల తొలి ఏళ్లలో ఉస్మానీ ప్రభుత్వం అక్కడ తెరిచిన కేంద్రంలో హిందూస్థానం నుండి వచ్చే యాత్రికులను, కలరా లేదని తేలేదాకా నిలిపివేసేవారు. నైజాం రాజ్యం నుండి బొంబాయి మీదుగా ఓడ ఎక్కినవారికీ ఆ మజిలీ తప్పలేదు. ఇంతకంటే ఎంతో ముందే, తావూన్ వ్యాపించిన చోటికి వెలుపలివారు పోరాదనీ, లోపలివారు తప్పించుకుని రారాదనీ మహాప్రవక్త (స) బోధించారు. హజ్రత్ ఉమర్ (ర) సిరియాకు ప్రయాణమై సర్గ్ వద్దకు చేరినప్పుడు అక్కడ మహమ్మారి ఉన్నదని తెలిసి వెనుదిరిగారు. ఇది అల్లాహ్ నిర్ణయం నుండి పారిపోవడం కాదా అని హజ్రత్ అబూ ఉబైదా (ర) అడుగగా, ఆయన ఒంటెలను మేపే కాపరి పోలిక చెప్పారు. లోయకు ఒక వైపు పచ్చిక, మరో వైపు ఎండిన నేల ఉంటే కాపరి ఎటు తోలినా అది దైవనిర్ణయమే కదా అని ఆయన వాదం. పిమ్మట హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (ర) వచ్చి ప్రవక్త బోధను వినిపించడంతో సంశయం తీరింది.

మొక్కల జబ్బుల గురించీ ముస్లిం పండితులు రాశారు. పన్నెండో శతాబ్దపు సెవిల్లా పండితుడు ఇబ్నుల్ అవ్వామ్ వ్యవసాయ గ్రంథంలో చెట్ల రోగాలకూ వాటి చికిత్సలకూ చోటు ఉంది. అయితే ఒక దేశపు మొక్క మరో దేశంలో ప్రవేశించకుండా చట్టంతో ఆపాలన్న ఆలోచన చాలా ఆలస్యంగా వచ్చింది. ద్రాక్షతోటలను నాశనం చేసిన ఫిలోక్సెరా పురుగు భయంతో ఐరోపా రాజ్యాలు 1878లో బెర్న్‌లో ఒప్పందం చేసుకున్నాయి. బ్రిటిష్ ఇండియాలో వినాశకర కీటకాలు, తెగుళ్ల చట్టం 1914లో వచ్చింది. అంతర్జాతీయ సస్య రక్షణ ఒప్పందం 1951లో కుదిరింది. ఓడ వెంట వచ్చే సస్య ఆరోగ్య ధ్రువపత్రాలన్నీ ఈ పరంపర లోనివే.

మనిషిని దీవిలో కొన్నాళ్లు నిలిపితే రోగం ఉందో లేదో బయటపడుతుంది. గింజ విషయం అలా కాదు. అది సంచిలో ఏళ్ల తరబడి మౌనంగా ఉండగలదు, నాటితే గానీ గుట్టు చెప్పదు. పటాన్‌చెరులో వచ్చిన చిక్కు ఇదే. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ రకాలను లోకమంతటి నుండి సేకరించడం, మెరుగుపరిచి మళ్లీ పంపడం ఆ సంస్థ పని. వచ్చేవి సూడాన్, ఇథియోపియా, యెమన్, నైజర్, మాలి వంటి దేశాల నుండి, పోయేవీ అక్కడికే. వచ్చిన ప్రతి సంచితో ఒక కొత్త తెగులు తెలంగాణ చేలలోకి రావచ్చు, పోయిన ప్రతి సంచితో ఇక్కడి తెగులు పేదదేశపు ఏకైక ఆహారపంటలో పడవచ్చు. అందుకని భారత ప్రభుత్వం తనిఖీ అధికారాన్ని సంస్థ చేతిలో పెట్టలేదు. తొలి ఏళ్లలో రాజేంద్రనగర్‌లోని కేంద్ర సస్య రక్షణ శిక్షణ సంస్థ, 1980ల నడుమ నుండి జాతీయ మొక్కల జన్యువనరుల సంస్థ హైదరాబాదు కేంద్రం ఆ బాధ్యత వహించాయి. పెంచేవాడు ఒకడు, తూచేవాడు మరొకడు అన్న పద్ధతి మంచిదే. బజారులో తూకం తెలిసిన ఎవరైనా దీన్ని మెచ్చుకుంటారు.

పద్ధతి ఇలా ఉంటుంది. వచ్చిన విత్తనాన్ని పరీక్షించి, మందు పట్టించి, మిగతా పొలాలకు దూరంగా వేరుచేసిన మడిలో ఒక పంటకాలం నాటుతారు. మొలక నుండి కోత దాకా ప్రతి మొక్కనూ చూస్తారు. జబ్బు కనబడ్డదాన్ని పెరికి కాలుస్తారు. ఆరోగ్యంగా నిలిచిన మొక్కల గింజను మాత్రమే శాస్త్రజ్ఞుడికి ఇస్తారు. పంపవలసిన విత్తనానికి పూత సమయంలోనే చేలో తనిఖీ జరుగుతుంది. తేనెబంక వంటి తెగులును కంకి మీద పట్టుకోవడమే సులువు, గింజలలో కలిసిన తరువాత చిన్న ముక్కలను ఏరడం కష్టం. నలుగురైదుగురు మనుషులు బల్ల ముందు కూర్చుని గింజ గింజా చూసే ఆ పనికి బిరుదులూ సన్మానాలూ ఉండవు.

ఇంత చేసినా తెగులు ఆగిందా అంటే పూర్తిగా ఆగలేదు. 1990ల తొలి సంవత్సరాల దాకా జొన్న ఎర్గాట్ ఆసియా, ఆఫ్రికాలకే పరిమితమై ఉండేది. ఆఫ్రికా రకానికి 1991లో జింబాబ్వే నుండి ప్రత్యేకంగా పేరు పెట్టారు. 1995లో అది హఠాత్తుగా బ్రెజిల్‌లో కనబడింది. 1996లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో, 1997లో అమెరికాలోని టెక్సాస్‌లో బయటపడింది. రెండేళ్లలో మూడు ఖండాలు! ఈ రకానికి తేనెబొట్టు మీదనే తెల్లని పొడిలాగా రెండో విడత బీజాలు పుడతాయి, అవి గాలిలో దూరం పోతాయి. దేశం లోపల ఒక జిల్లా నుండి మరో జిల్లాకు పోయేటప్పుడు గాలిని ఆపే అధికారి ఎవరూ లేరు. సముద్రాలు దాటించింది గాలి ఒక్కటేనా, విత్తన సంచులా అన్నది వాదప్రతివాదాలకు తావిచ్చింది. 1997 జూన్‌లో బ్రెజిల్‌లోని సేతె లాగోవాస్‌లో శాస్త్రజ్ఞులు ప్రత్యేకంగా సమావేశమయ్యారు. ఈలోగా జొన్న విత్తనం కొనే దేశాలు షరతులు బిగించాయి. శిలీంధ్రనాశిని పట్టించని విత్తనం, తెగులు లేదన్న పత్రం లేని విత్తనం రేవులలో నిలిచిపోయింది. సంకర జొన్న విత్తనాన్ని లోకానికి అమ్మే దేశమే కొనుగోలుదారుల ముందు తన విత్తనం శుభ్రమని రుజువు చేసుకోవలసిన స్థితి వచ్చింది.

ఆస్ట్రేలియావారు ఆ సమయంలో మరొక భేదం పాటించారు. పశువుల దాణాగా పోయే జొన్నలో తెగులు ముద్దలు 0.3 శాతం దాకా ఉండవచ్చునని హద్దు పెట్టుకున్నారు. నాటే గింజకు ఒక న్యాయం, తినే గింజకు మరొక న్యాయం అన్నమాట. ఇది సబబైన భేదం. తినే గింజ పిండిమరకు పోతుంది, అక్కడ దాని ప్రయాణం ముగుస్తుంది. నాటే గింజ ప్రయాణం అక్కడే మొదలవుతుంది. ఈ రెంటినీ ఒకే త్రాసులో తూచిన చోట అనర్థం జరుగుతుంది. దానికి ఈజిప్టు కథ చాలు.

ఈజిప్టు ఏడాదికి కోటి టన్నులకు పైగా గోధుమ కొనే దేశం, ప్రపంచంలో అంతకు మించిన కొనుగోలుదారు చాలా ఏళ్లు లేడు. ప్రభుత్వ రాయితీ రొట్టె అక్కడి పేదవాని ప్రాణాధారం. 1977 జనవరిలో రాయితీలు తగ్గించబోతే జనం వీధులలోకి వచ్చారు, రెండు రోజులకే ప్రభుత్వం వెనక్కు తగ్గింది. అటువంటి దేశంలో 2015 డిసెంబరులో వ్యవసాయ క్వారంటైన్ అధికారులు 63,000 టన్నుల ఫ్రెంచి గోధుమ ఓడను తిప్పి పంపారు. ఎర్గాట్ ఉన్నదని కారణం. కొనుగోలు శాఖ ఒప్పందంలో 0.05 శాతం దాకా అనుమతి ఉంది, క్వారంటైన్ శాఖ నిబంధనలో ఒక్క ముల్లూ ఉండరాదని ఉంది. ఒకే ప్రభుత్వంలో రెండు నాలుకలు! ఏ నాలుక చివరికి మాట్లాడుతుందో తెలియని వ్యాపారులు ఆ అనుమానాన్ని కూడా ధరలో కలిపారు.

ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ నిపుణులు పరిశీలించి, ఎర్గాట్ ఈజిప్టు వాతావరణంలో నిలదొక్కుకునే ప్రమాదం అత్యల్పమని చెప్పారు. ఆ శిలీంధ్రపు ముద్ద మొలకెత్తాలంటే నేలలో చలికాలం గడపాలి, నైలు లోయలో ఆ చలి ఎక్కడిది? అయినప్పటికీ 2016 ఆగస్టు 28న ఒక్క ముల్లూ పనికిరాదన్న నియమం తిరిగి ప్రకటించారు. పొలంలో పండిన గోధుమను అంత శుభ్రంగా ఏ వర్తకుడూ హామీ ఇవ్వలేడు. టెండర్లకు అమ్మేవారు ముందుకు రాలేదు. సెప్టెంబరులో రష్యా ఈజిప్టు పండ్లు, కూరగాయలను ఆపుతున్నట్లు ప్రకటించింది. అదీ సస్య ఆరోగ్యం పేరుతోనే. నారింజ తోటల రైతుకు గోధుమలోని ముల్లుతో సంబంధం ఏమిటని అడగవచ్చు. వాణిజ్యంలో క్వారంటైన్ నియమం ఎంత సులువుగా చేతికర్ర అవుతుందో చెప్పడానికి ఇంతకన్నా వేరే ఉదాహరణ అక్కర లేదు. నియమం ప్రకటించి నెల తిరగకముందే, సెప్టెంబరు మూడో వారం దాటుతుండగా, ఈజిప్టు ప్రభుత్వం 0.05 శాతానికి తిరిగి వచ్చింది. 2017 నవంబరులో ఒక న్యాయస్థానం ఆ సడలింపును తప్పుబట్టడంతో వివాదం మళ్లీ రగిలింది, ప్రభుత్వం పై న్యాయస్థానానికి వెళ్లింది.

అధికారుల భయాన్ని పూర్తిగా కొట్టిపారేయడం న్యాయం కాదు. విదేశీ గోధుమ తిన్న జాతులకు ఆ భయం అనుభవం నుండి వచ్చింది. మన దేశం 1956లో అమెరికాతో పి.ఎల్. 480 ఒప్పందం చేసుకున్న తరువాత వచ్చిన ధాన్యాన్ని తెలుగువారు మరువలేదు. రేషను దుకాణాల ముందు బారులు తీరి తెచ్చుకున్న మైలో జొన్నలు చాలామంది పెద్దలకు జ్ఞాపకమే. వయ్యారిభామ కలుపుమొక్క ఆ గోధుమ వెంటనే వచ్చిందన్న నమ్మకం దేశమంతటా ఉంది. ఆకలిగా ఉన్నవాడు సంచి విప్పి కలుపు విత్తనాలు ఏరుతూ కూర్చోలేడు. తరువాత 2003లో వచ్చిన మన సస్య క్వారంటైన్ ఉత్తర్వు గోధుమ విషయంలో కలుపు విత్తనాలు, ఎర్గాట్ ఏమాత్రం ఉండరాదన్నంత కఠినంగా అమలైంది. అమెరికా దాన్ని వాణిజ్యానికి అడ్డంకిగా ఏటేటా ఎత్తిచూపింది. 2006-07లో మళ్లీ పెద్ద ఎత్తున గోధుమ తెచ్చుకోవలసి వచ్చినప్పుడు మన ప్రభుత్వమే నిబంధనలు కొంత సడలించింది. గాదెలు నిండి ఉన్నప్పుడు బిగించిన ముడి గాదెలు ఖాళీ అయినప్పుడు వదులవుతున్నదంటే, ముడి వేసేటప్పుడు శాస్త్రం ఎంత, లెక్క ఎంత అన్నది అడగదగిన ప్రశ్నే. 1995 నుండి అమలులో ఉన్న ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం నిబంధనకు శాస్త్రీయ ఆధారం ఉండాలని కోరుతుంది. ఆధారం సేకరించే ప్రయోగశాలలు సంపన్న దేశాలకు ఎక్కువ, పేద దేశాలకు తక్కువ అన్నది మాత్రం ఒప్పందం చేసినవారు అంతగా పట్టించుకున్నట్లు కనబడదు.

జొన్న తినేవారి సంగతి వేరు. గోధుమ ఓడ ఆగితే పత్రికలలో పెద్ద అక్షరాలు పడతాయి. సూడాన్‌లో, యెమన్‌లో ధురా అని పిలిచే జొన్నకు అంత ప్రచారం లేదు. హైదరాబాదు బార్కస్‌లో స్థిరపడిన హద్రమీ కుటుంబాల పూర్వీకుల దేశంలోనూ, తెలంగాణ పల్లెలోనూ రొట్టె ఒకే గింజ నుండి వచ్చేది. సూడాన్‌లో 2023 ఏప్రిల్‌లో మొదలైన యుద్ధంలో వాద్ మదనీలోని ఆ దేశపు విత్తన భాండాగారం దోపిడీకి గురైంది. అక్కడి రైతులు తరతరాలుగా కాపాడిన జొన్న, సజ్జ రకాల నమూనాలు అందులో ఉండేవి. ఆ దేశం నుండి గత దశాబ్దాలలో సేకరించిన జొన్న రకాలు అనేకం పటాన్‌చెరు చల్లని గదులలో భద్రంగా ఉన్నాయి. వాటిలో ఏదైనా తిరిగి ఆ నేలకు చేరాలంటే ముందుగా ఇక్కడ మడిలో నాటి, పూత సమయంలో కంకి కంకినీ తేనెబొట్టు కోసం చూసి, కోసిన గింజను మళ్లీ బల్ల మీద ఆరబోసి ఏరి, మందు పట్టించి, ధ్రువపత్రం జతచేయాలి. అందుకు కనీసం ఒక పంటకాలం పడుతుంది.